అబ్రహాం బేకరీ

"నా తెల్ల సొక్కా ఇస్త్రీ అయిందేటి?" అని అబ్రహాం ముందు గదిలోంచి కేకేసేసరికి సత్యవతి మోచేతుల దాకా మైదా పిండిలో ఉంది.

అది రెండో వాయి పిండి. తెల్లారకుండా కలిపిన మొదటి వాయి రొట్టెలు పొద్దున్నే కొండల మీది ఘాటీ ఎక్కే లారీలతోపాటు వెళ్లిపోయాయి. ఇది సాయంకాలం రాయపూర్ వైపు బయల్దేరే లారీలకి, ఆసుపత్రిలో పథ్యం మీదున్న రోగులకి. చెక్క తొట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లంతా ముందుకి వాల్చి, పిడికిళ్లతో పిండిని అదిమి, మడిచి, మళ్లీ అదమాలి. ఆ పనిలో ఉన్న మనిషికి జవాబు చెప్పడానికి ఊపిరి మిగలదు. అందుకని చాలా మాటలకి ఆమె జవాబు చెప్పదు. ఆ ఇంట్లో వాళ్లు దాన్ని నెమ్మది అనుకుంటారు.

"సెవుడొచ్చిందేటే? క్లాసుకి టైమవుతోంది."

"అయింది. గూట్లో ఉన్నాది."

పొద్దున్న మొదటి వాయి దించాక, బట్టీలో మిగిలిన నిప్పులు ఇస్త్రీపెట్టెలో వేసుకుని చేసిందది. ఆ చొక్కా ఆదివారం గుడికి, పెళ్లిళ్లకి తప్ప బయటికి రాదు. ఈ గురువారం మాత్రం వస్తోంది. అబ్రహాం గారు ఈవేళ ఆడవాళ్లకి పాఠం చెప్పబోతున్నారు.

అదెలా వచ్చిందంటే, సాలూరు బస్సుల అడ్డా వెనక పెంకుటింట్లో స్త్రీలకి ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. కుట్టుపని, నేతపని నేర్పుతారు. మొగుడు వదిలేసినవాళ్లూ, మొగుడు పోయినవాళ్లూ, మొగుడుండీ లేనివాళ్లూ పాతికమంది దాకా అక్కడ నేర్చుకుంటున్నారు. దానికి పెద్దగా వచ్చినావిడ పద్మకుమారి. పెళ్లి చేసుకోలేదు, సైకిలు తొక్కుతుంది, ఊరంతా ఆమెను వింతగా చూస్తుంది. పది రోజుల కిందట ఆమె సైకిలు దిగి బేకరీ మెట్లెక్కింది.

"అబ్రహాం గారూ, మా వాళ్లకి పని నేర్పుతున్నాం గానీ, ఆ పనితో బతకడం నేర్పలేకపోతున్నాం. గుడ్డ కుట్టడం వచ్చు, ఆ గుడ్డని ఎక్కడ అమ్మాలో, ఎంతకి అమ్మాలో, సరుకు ఎక్కడ తెచ్చుకోవాలో తెలీదు. చిన్న వ్యాపారం పెట్టుకుని నిలబెట్టుకున్న మనిషి వచ్చి చెబితే బావుంటుంది. ఈ ఊళ్లో ఏమీ లేనిచోట ఇంత దుకాణం లేవదీసింది మీరే కదా" అంది.

దుకాణం ముందు రేకు బోర్డు ఉంది. అబ్రహాం బేకరీ అని దాని మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. బోర్డు కింద కుర్చీ, కుర్చీలో అబ్రహాం, అతని మోకాలి పక్కన డబ్బుల సొరుగు. వెనక తెర. తెర వెనక బట్టీ, తొట్టె, కట్టెలు, సత్యవతి. వచ్చిన మనిషికి ఎవరు కనిపిస్తారో వాళ్లనే అడుగుతుంది మరి. పద్మకుమారిది తప్పని సత్యవతి అనుకోలేదు.

"తప్పకండా వస్తానమ్మా. నలుగురికి మంచి సెప్పడం కంటే ఏటి కావాల?" అన్నాడు అబ్రహాం.

ఆ సాయంకాలం నుంచీ, "ఏటి సెప్పాలంటావు?" అని భార్యని అడగడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పింది. మైదా పర్మిట్టు సంగతి, కట్టెలు వానాకాలానికి ముందే ఎందుకు కొనాలో, లారీ వాళ్లకి మెత్తటి రొట్టె కాక రెండు రోజులు నిలవుండే గట్టి బన్ను ఎందుకు కావాలో, ఎండాకాలంలో పిండి ఎంత తొందరగా పులుస్తుందో. అతను రెండు మాటలు వినేవాడు, మూడో మాటకి ఆవులించేవాడు. "ఇయన్నీ వంటింటి మాటలే. పైకి సెప్పుకునేవి ఏటైనా ఉంటే సెప్పు" అనేవాడు.

సరే, ఆ గురువారం భోజనం చేసి, చొక్కా తొడుక్కుని, చేతుల గుండీలు పెట్టుకుని అబ్రహాం బయల్దేరాడు. వెనక బన్నుల బుట్ట నెత్తిన పెట్టుకుని సత్యవతి. వాయి దించగానే చీర మార్చుకోవడానికి వ్యవధి లేకపోయింది. "నువ్వు ముందు బుట్ట ఇచ్చేసి, ఓ మూల కూకో. వాళ్లకి పంచి పెడదువు గాని" అన్నాడు.

అక్కడ చాపల మీద ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. పద్మకుమారి అబ్రహానికి కుర్చీ వేయించింది. అతను నిలబడే మాట్లాడతానన్నాడు. మాట్లాడటం అతనికి చేతనవును, సంఘంలో ప్రార్థన చేయమంటే కన్నీళ్లు తెప్పించగలడు. మనిషి మెత్తన, గొంతు మెత్తన. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మీద చెయ్యెత్తలేదు. ఆ మాట అతను పదిమందిలో చెప్పుకుంటాడు కూడా.

"అమ్మలారా, నేను గొప్పోణ్ని కాను. లారీ ఆఫీసులో గుమస్తా పని పోయింది. సేతిలో ఏటీ లేదు. ఇంట్లో ముసలి తల్లి, అప్పటికింకా పెళ్లికాని ఇద్దరాడపిల్లలు. ఏటి సెయ్యాల? మిషను బంగళాలో దొరసానమ్మ రొట్టెలు కాల్చడం సిన్నప్పుడు సూసిన గుర్తుంది. ఆవిడ దేశం వెళ్లిపోతూ ఇచ్చిన రొట్టె రేకులున్నాయి. ఆటి మీద మొదలెట్టినాను."

సత్యవతి బుట్ట మీద కప్పిన గుడ్డ సర్దుతూ ఆగింది.

బంగళాలో వంట చేసింది ఆమె తల్లి. గడప దగ్గర కూర్చుని దొరసానమ్మ చేతులు చూసింది సత్యవతి. అబ్రహాం ఆ బంగళా వరండా కూడా ఎక్కి ఎరగడు. పోన్లే, మాట వరసకి అన్నాడు అనుకుంది. మగవాళ్లు ఇంటిని నేను అంటారు, ఆడవాళ్లు మేము అంటారు, అంతే కదా అనుకుంది.

"మొదటి రోజు రొట్టెలు రాయిలా వచ్చినాయి. పొంగలేదు. దొరసానమ్మ డబ్బాలో ఏదో పొడి వేసేది, అది ఇక్కడ దొరకదు. పక్కింటి గేదికి పెట్టినాను. గేది కూడా వాసన సూసి వదిలేసింది." అందరూ నవ్వారు. అబ్రహాం కూడా నవ్వి, ఆ నవ్వు తగ్గేదాకా ఆగాడు. "అప్పుడు ఒకనాడు గీతోళ్ల ఇంటి ముందు కల్లుకుండ సూసినాను. పైకి నురగలు కక్కుతున్నాది. ఈ పొంగు నా పిండికి ఎందుకు రాదు అనిపించింది. ఆ కల్లు తెచ్చి పిండిలో కలిపి సూసినాను. తెల్లారేసరికి తొట్టె దాటి పొంగింది. మోకాళ్ల మీద పడి దేవుడికి స్తోత్రం సెప్పుకున్నాను."

మోకాళ్ల మీద పడింది ఆమె. స్తోత్రం చెప్పలేదు. ఏడ్చింది.

"కానీ తల్లీ, సంఘపెద్ద ఇంట్లోకి కల్లుకుండ వస్తే లోకం ఊరుకుంటాదా? తెల్లారుజామున కుండ పట్టుకుని వీధిలో నడుస్తుంటే ఎన్ని మాటలన్నారు! తాగుబోతు కొంప అన్నారు. అన్నీ భరించినాను. వ్యాపారం పెట్టినవాడికి ముందు కావల్సింది ఓర్పు."

ఆ కుండ పట్టుకుని నడిచినన్నాళ్లూ సత్యవతి కొంగు నిండా కప్పుకుని, గోడల నీడనే నడిచింది. మాటలన్నది వీధి కాదు, లేదా వీధి ఒక్కటే కాదు. "నువ్వా కుండతో తిరుగుతుంటే గుళ్లో నేను తలెత్తుకోలేకపోతన్నాను. నీకు సిగ్గనేది ఉన్నాదా?" అన్నది ఈ మెత్తటి గొంతే. అత్త సీతమ్మ, "కల్లు రొట్టె తినే కంటే పస్తుండడం మేలు" అని రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూట ఆకలికి తాళలేక రొట్టే తింది.

"ఒకసారి బట్టీలోంచి రేకు జారి సెయ్యి కాలిపోయింది. మణికట్టు నుంచి మోసేతి దాకా. పదిరోజులు కుడిసెయ్యి ఎత్తలేదు. ఎడంసేత్తోనే పిండి పిసికినాను. ఒక్కరోజు దుకాణం మూయలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నాది."

అని, గుండీ పెట్టిన తెల్ల చొక్కా చేతి మీద మెల్లగా నిమురుకున్నాడు.

ఆడవాళ్లు అయ్యో అన్నారు. సత్యవతి తన కుడిచేతిని కొంగు కిందికి లాక్కుంది. ఎందుకు లాక్కుందో ఆమెకే తెలీలేదు. దొంగతనం చేసింది ఆమే అయినట్టు లాక్కుంది.

ప్రశ్నలడగమంది పద్మకుమారి. తవిటమ్మ అని లారీ క్లీనరు భార్య లేచింది. క్లీనరు రాయపూర్‌లో ఇంకో కాపురం పెట్టి ఇటు రావడం మానేశాడు. మనిషి సన్నగా ఉంటుంది గాని గొంతు పెద్దది. "బాబూ, అమ్ముడవకండా మిగిలిపోయిన రొట్టి ఏటి సేస్తావు?" అని అడిగింది.

అబ్రహాం గొంతు సవరించుకున్నాడు. "మిగలకండా సూసుకోవాల."

"సూసుకున్నా మిగుల్తాది కదా బాబూ. వానొచ్చిందనుకో, లారీలు కదల్లేదనుకో?"

అతను తన వెనకే ఉన్న మూలకి చూశాడు. అలవాటు చొప్పున సత్యవతి నోరు కదిలింది. "ముక్కలు కోసి మళ్లీ బట్టీలో పెడితే రస్కులవుతాయి. రస్కు నెల్లాళ్లుంటాది" అంది, అతనికి మాత్రమే వినిపించేటంత నెమ్మదిగా. అబ్రహాం తలూపి, "రస్కులు సేస్తాను. నెల్లాళ్లుంటాయి" అని పెద్దగా చెప్పాడు. తర్వాత మూడు ప్రశ్నలకీ అలాగే జరిగింది. పద్మకుమారి కుర్చీలోంచి ఒకసారి అతని వైపు, ఒకసారి మూల వైపు చూసింది.

ఇంటికి వస్తూ అబ్రహాం సంతోషంగా ఉన్నాడు. "ఎలా సెప్పానే?" అన్నాడు.

"బాగా సెప్పారు."

నిజంగా బాగానే చెప్పాడు. అదే ఆమెకు మింగుడు పడలేదు. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని అతని వెనక నడుస్తూ సత్యవతి అదే ఆలోచించింది. ఇన్నేళ్లూ ఆమె ఒక మాట మీద ఆనుకుని బతికింది. ఆయనకి తెలీదు, పాపం. మగమనిషి, తెర ఇవతలికి రాడు, ఏం జరుగుతుందో చూడడు, చూస్తే మాత్రం ఊరుకుంటాడా. తెలియని మనిషి మీద కోపం ఏం పెట్టుకుంటాం? ఒళ్లు విరుచుకుని తెల్లారుజామున లేచినప్పుడల్లా, నడుము నొప్పితో తొట్టె పట్టుకుని లేచినప్పుడల్లా ఆ మాటే ఆమెకు చేతికర్ర. ఇప్పుడు చూస్తే గేదె వాసన చూసి వదిలేసిన సంగతి కూడా ఆయనకి గుర్తుంది. ఎడమచేత్తో పిసికిన పది రోజులూ గుర్తున్నాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా అని కొలత కూడా గుర్తుంది. మంచం మీద పడుకునే అన్నీ చూశాడు, అన్నీ విన్నాడు, ఒక్కటీ మరిచిపోలేదు. ఒక్కరోజు లేచి రాలేదు. తెలియక కాదు.

ఆమెకు కోపం రాలేదు. కోపానికి కూడా కొంచెం సత్తువ కావాలి. బేకరీ దగ్గరికి వచ్చేసరికి సీతమ్మ అరుగు మీద కూర్చుని, "లారీల వోళ్లు వచ్చి అడిగి వెళ్లినారు. ఎంతసేపే?" అంది. సత్యవతి కొంగు దోపుకుని తెర వెనక్కి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత పద్మకుమారి మళ్లీ వచ్చింది. ఈసారి కుర్చీ దగ్గర ఆగకుండా, "ఒక్క నిమిషం" అని తెర తొలగించుకుని లోపలికే వచ్చింది. బట్టీ వేడికి ఆమె కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకుంటూ, "వచ్చే గురువారం మీరు రావాలి" అంది సత్యవతితో.

అబ్రహాం వెనకే వచ్చి నవ్వాడు. "అదేటి సెప్తాదమ్మా? నలుగుర్లో నాలుగు మాటలు ఆడలేదు."

"నాలుగు అక్కర్లేదండి. మొన్న మీకు చెప్పినన్ని చెబితే చాలు."

అబ్రహాం నవ్వు కాస్త తగ్గింది. అయితే ఆ గురువారం అతనికి విజయనగరంలో సంఘం పని ఉంది. పైగా మొన్నటి ప్రశ్నలు అతన్ని కొంచెం ఇబ్బంది పెట్టాయి కూడా. "సరే, ఈ ఒక్క వారం నా బదులు వెళ్లు. వంటింటి మాటలే సెప్పు, పెద్ద మాటల జోలికి పోకు" అన్నాడు.

సత్యవతి వెళ్లింది. రెండో వాయి ముందే కలిపి, కాల్చి, దించి, ముఖం కడుక్కుని, పెట్టెలోని నీలం చీర కట్టుకుని వెళ్లింది. చాపల మీద వాళ్లంతా తలెత్తి చూస్తుంటే నిలబడలేక, తానూ చాప మీద కూలబడింది. ఏం చెప్పాలో దారంతా వరసగా అనుకుంటూ వచ్చింది. సరుకు కొనడం, ధర కట్టడం, మిగిలింది ఏం చెయ్యడం. తీరా కూర్చునేసరికి వరస పోయింది. అందుకని అడిగింది.

"మీరేటి పెడదామనుకుంటన్నారు?"

ఒకామె జాకెట్లు కుట్టే కొట్టు అంది. ఒకామె లారీ సీట్లకి గుడ్డలు కుడతానంది. గురమ్మ అనే పెద్దావిడ జంతికలు, చేగోడీలు వండి అమ్ముతానంది. తవిటమ్మ లారీల అడ్డా దగ్గర పూటకూళ్లు పెడతానంది. సత్యవతి ఒక్కొక్కరినీ అడుగుతూ, తనకి తెలిసింది చెబుతూ పోయింది. చుట్టాలకి అరువు ఇవ్వడం మొదలెడితే ఇక ఆగదనీ, మొదటి రోజే లేదనేస్తే ఒక్క మాటతో పోతుందనీ చెప్పింది. లారీ డ్రైవరు రుచి మరిచిపోడు గాని ఆలస్యం అసలే మరిచిపోడనీ, కూర కొంచెం తగ్గినా పర్లేదు, చెప్పిన వేళకి అన్నం ఉండాలనీ చెప్పింది. ఒంట్లో బాగులేని రోజు కోసం ఒక పని మంచి రోజునే ముందుగా చేసి పెట్టుకోవాలని చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. అంత సేపు మాట్లాడి ఎన్నేళ్లయిందో.

చివరికి, "సరే, కొట్టు పెట్టినారు. నువ్వు లోపల వండుతుంటావు. సొరుగు దగ్గర ఎవరు కూకుంటారు?" అని అడిగింది. దొంగల భయం గురించి చెబుదామని అడిగిందంతే.

"మా అన్న" అంది కుట్టుపని ఆమె.

"మరిది ఉన్నాడు, కాళీగానే తిరుగుతన్నాడు."

"మా అల్లుడిని కూకోబెడతాను. ఆడకూతురు సొరుగు దగ్గర కూకుంటే బాగుంటాదేటి?" అంది గురమ్మ.

తవిటమ్మ కూడా కాస్త ఆలోచించి, "ఆడొస్తే ఆడే కూకుంటాడు" అంది, రాయపూర్‌లో ఉన్న క్లీనరు గురించి.

సత్యవతికి ఒక్కసారి నీరసం ముంచుకొచ్చింది. ఇంకా పొయ్యి వెలిగించలేదు, పాత్ర కొనలేదు, కొట్టు ఎక్కడో తెలీదు. అప్పుడే ప్రతి ఒక్కరూ కుర్చీలో ఒక మగవాణ్ని కూర్చోబెట్టేశారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆమెనీ ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా. బోర్డు రాసే మనిషి వచ్చి పేరేటి అని అడిగినప్పుడు, పిండి చేతులతో తెర పక్కన నిలబడి, "ఆయన పేరే" అన్నది ఆమే.

తవిటమ్మ కాస్త ముందుకి జరిగి ఆమె చేతి వైపు చూసింది. నీలం జాకెట్టు చేతులు పొట్టి. మచ్చ మణికట్టు నుంచి మోచేతి దాకా నున్నగా మెరుస్తోంది.

"అమ్మా, ఆ బాబుకి కాలిన సోటే నీకూ కాలిందేటి?"

ఎవరూ నవ్వలేదు. పద్మకుమారి కిటికీ వైపు తిరిగింది. సత్యవతి కొంగు కోసం ఎడమచెయ్యి వెళ్లబోయి ఆగింది.

"మా ఇంట్లో ఒక్క సెయ్యే కాలింది" అంది.

సాలూరులో మాట లారీ కంటే ముందు వెళ్తుంది. విజయనగరం నుంచి దిగిన అబ్రహానికి బస్సుల అడ్డా దగ్గరే ఎవరో చెప్పారు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, భోజనం చేసి, అప్పుడు మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు.

"నన్ను అబద్ధాలకోరుని సేసినావు."

"నేనేటీ అనలేదు. అడిగితే సెప్పాను."

"నీదీ నాదీ వేరేటి? మొగుడూ పెళ్లాం ఏకశరీరమని దేవుడి వాక్యంలో లేదా? నీ సెయ్యి కాలితే నా సెయ్యి కాలినట్టు కాదేటి? నేను నేను అన్నానంటే అందులో నువ్వు లేవేటి? ఇంత సిన్న సంగతి తెలీని ఆడది నలుగురికి ఏటి నేర్పుతాది?"

సత్యవతి కంచం తీసి, మెతుకులు తుడిచి, గిన్నెలు బయట పెట్టింది. ఏకశరీరం. తోముతూ ఆ మాటే ఆలోచించింది. ఒకే శరీరమైతే నిద్రపోయే సగం ఎప్పుడూ ఆ సగమే ఎందుకయింది? కాలే సగం ఈ సగమే ఎందుకయింది? ఇది అతన్ని అడగాలనిపించలేదు. అడిగితే దానికీ ఒక వాక్యం చెబుతాడు. బాగా చెబుతాడు.

"ఇక ఆ క్లాసులు మనకొద్దు. నేనూ వెళ్లను, నువ్వూ వెళ్లకు. మన విద్య పదిమందికి నేర్పి మనకే పోటీ పెట్టుకోడం దేనికి? పద్మకుమారి గారికి నేను కబురంపుతాను. నీకు రొట్టెలున్నాయి, సాలు" అని లోపల్నుంచి అన్నాడు. కోపంగా కాదు. ఆమె మీద జాలితో, ఆమె బరువు ఒకటి దించుతున్నట్టు అన్నాడు.

సీతమ్మ అరుగు మీద పడుకుని అంతా వింది. సత్యవతి పక్కనుంచి వెళ్తుంటే, "మగోడి మాట నిలబడితేనే కొంప నిలబడతాది. పోన్లేయే" అంది. సీతమ్మ నలభయ్యేళ్లు మిషను వాళ్ల బట్టలుతికింది. ఆ డబ్బుతో కొడుకుని చదివించింది. వాళ్లాయన బతికున్నన్నాళ్లూ, నా కొడుకుని నేను చదివించాను అని సంఘంలో చెప్పుకునేవాడు. ఆ మాట ముసలావిడ ఎప్పుడో ఒకసారి, ఫిర్యాదు లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

తర్వాత వారమంతా మామూలుగానే గడిచింది. తెల్లారుజామున లేవడం, పిసకడం, కాల్చడం, వండడం, మళ్లీ పిసకడం. అబ్రహాం కూడా మామూలుగానే ఉన్నాడు, ఇంకా కొంచెం మంచిగా ఉన్నాడు. బజారు నుంచి వస్తూ ఆమెకి ఇష్టమని జీడిమామిడి పళ్లు తెచ్చాడు. ఆమె తింది. తీపి తెలిసింది గాని ఇంకేమీ తెలీలేదు. బుధవారం నాడు పద్మకుమారి దగ్గర్నుంచి మనిషి వచ్చాడు. కేంద్రం వెనక పెరట్లో బట్టీ కట్టుకోవడానికి చోటుందని, కల్లు పొంగు సంగతి నేర్పుతారా అని అందరూ అడుగుతున్నారని, ఆమె రానంటే ఆ మాట ఆమె నోటితోనే వినాలని కబురు. అబ్రహాం కుర్చీలోంచే, "రాదని సెప్పు" అన్నాడు. తెర వెనక ఆమె పిడికిళ్లు పిండిలో ఆగి, మళ్లీ కదిలాయి.

గురువారం మధ్యాహ్నం అబ్రహాం అన్నం తిని, అలవాటు ప్రకారం నడుం వాల్చాడు. అతను లేచేసరికి రెండో వాయి బట్టీలో ఉండాలి, లారీల వాళ్లు వచ్చేసరికి బుట్టలోకి రావాలి. తొట్టెలో మైదా పోసి ఉంది. పులిసిన పిండి పక్కన కుండలో గుడ్డ కింద పొంగుతోంది. సత్యవతి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు తొట్టెలో పెట్టలేదు. తర్వాత లేచి, నూతి దగ్గర ముఖం కడుక్కుని, నీలం చీర కట్టుకుని వచ్చింది.

సీతమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి చీర చూసింది, తొట్టె చూసింది, లోపల మంచం వైపు చూసింది. ఏం జరగబోతుందో ఆమెకి అర్థమైంది. అరుస్తుందనుకుంది సత్యవతి. ముసలావిడ అరవలేదు. నొప్పి మోకాళ్లు పట్టుకుని, గోడ ఆసరాగా మెల్లగా తొట్టె ముందు కూర్చుని, చీర చెంగు నడుముకి దోపుకుంది.

"ఎల్లు" అంది, గొంతు తగ్గించి. "ఆడు లేవకముందే ఎల్లు. పిండి నేను కలుపుతాను. ఎలా కలపాలో నాకు తెలీదేటి, ఇన్నేళ్లు సూడలేదేటి? నువ్వొచ్చేసరికి వాయి దించేస్తాను. ఆడికి తెలీదు."

ఆ ముడతలు పడ్డ వేళ్లు పిండిలో మునగబోతున్నాయి. నలభయ్యేళ్లు ఇతరుల బట్టలు పిండిన వేళ్లు. ఇన్నేళ్లలో అత్త సత్యవతికి ఇచ్చింది ఇదొక్కటే, ఇవ్వగలిగింది కూడా ఇదొక్కటే. తీసుకుని వెళ్లిపోవడం ఎంత తేలిక! ఆమె వంగి, ఆ మణికట్లు రెండూ పట్టుకుని తొట్టెలోంచి పైకి తీసింది.

"వద్దత్తా" అంది. "నువ్వు కలిపితే, నేను లేనని ఆయనకి ఎప్పటికీ తెలీదు."

సీతమ్మ కోడలి ముఖంలోకి చూసింది. లోపల మంచం కిర్రుమంది. ముసలావిడ చేతులకంటిన పిండి కొంగుకి తుడుచుకుంది. తొట్టె వైపు వీపు పెట్టి, కాళ్లు చాపుకుని, గోడకి చేరగిలబడింది.